ఊరి బొమ్మ, ఇంటి బొమ్మ, చేతి బొమ్మ

పిఠాపురము నుండి తూర్పుగా సాగు బాట వరిచేలను, కొబ్బరితోటలను దాటి సముద్రముచెంత ముగియు చోట ఉప్పాడ గ్రామము కలదు. ఈ యూరిని లోకము రెండు విషయములవలన ఎఱుగును: చీర ఉభయపార్శ్వములయందును ఒకే తీరున కనబడు జాందానీ బుటాలను నేయు మగ్గమువలన, ఏటేట ఇండ్లను, వీథులను, రహదారిని కబళించుచు లోపలికి చొచ్చుకొని వచ్చుచున్న సముద్రమువలన. మగ్గపు గుంటలో కూర్చున్నవాని చూపు నూలుపోగును వీడరాదు. వేటకు పోవువాడు కోడికూతకు పూర్వమే నావ నెక్కవలసినవాడగుటచే ప్రొద్దు క్రుంకిన కొంతసేపటికే పండుకొనవలయును. పగలు కన్నులకు తీరిక లేనివారు కొందఱును, రాత్రి మేలుకొనుటకు వీలులేనివారు కొందఱును నివసించు ఇట్టి ఊరిలోనికి, చూచుటయే పనిగా గల ఒక యంత్రము వచ్చి, నాలుగు దశాబ్దములలో ఆ ఊరి సాయంకాలములను మూడు పర్యాయములు మార్చివైచినది. ఆ మార్పును బాల్యము నుండి కన్నులార చూచినవాడనగుటచే దానిని గూర్చి వ్రాయుటకు పూనుకొంటిని.

మన దేశమున టెలివిజను ప్రసారములు 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీనగరమున ప్రయోగరూపముగా ఆరంభమైనను, తెలుగు పల్లెకు ఆ వెలుగు సోకుటకు పదునారేండ్లు పట్టెను. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము సాయముతో ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు విద్యా, వ్యవసాయ, ఆరోగ్య విషయములను బొమ్మలుగా చూపిన మహాప్రయోగమొకటి జరిగినది. ఆంధ్రప్రదేశములోని పల్లెలు కొన్ని దానిలో చేరియుండెను. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క పెట్టె. దానిని బడిలోనో, పంచాయతీ కచేరీలోనో ఉంచుట. ఊరంతయు వచ్చి చూచుట. మన పల్లెలలో టెలివిజను పుట్టుక అట్టిది. ఒకరి ఇంటి వస్తువుగా గాక ఊరుమ్మడి వస్తువుగా అది జన్మించినదన్న సంగతిని నేటివారు జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

తరువాత 1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన కేంద్రము వెలసినది. అయినను ఆ ప్రసారములు ఆ నగరపు చుట్టుప్రక్కల వారికే అందెడివి. గోదావరి ప్రాంతమువారికి మాత్రము టెలివిజను అనునది పత్రికలలో చదువుకొను వార్తగనే యుండెను. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల సందర్భమున రంగుల ప్రసారము వచ్చుటయు, 1983 ఆగస్టు 30న ఇన్‌శాట్-1బి ఉపగ్రహము ఆకసమునకు ఎగయుటయు, 1984లో చిన్న పట్టణములయందు సైతము స్వల్పశక్తిగల ప్రసారిణులను నెలకొల్పుటయు ఒకదానివెంట ఒకటి జరుగగా, అప్పుడు గదా తీరగ్రామములకు బొమ్మ చేరినది! ఆ యేడాది కొన్ని నెలలపాటు దేశమున దినమునకొక ప్రసారిణి చొప్పున నిలిపిరని చెప్పుదురు. అట్టి చిన్న ప్రసారిణి శక్తి నూఱు వాట్లు మాత్రమే. అది పట్టణమునకు ఇరువది, ఇరువదియైదు కిలోమీటర్ల మేరకే స్పష్టముగా పలుకగలదు. ఉప్పాడ వంటి ఊళ్ళు ఆ వలయపు అంచునందుండుటచే, బొమ్మ వచ్చుట యన్నది మా బాల్యమున నిత్యమును పరీక్షగనే యుండెడిది.

ఆ పరీక్షను గూర్చి కొంత విపులముగా చెప్పవలయును. పెట్టెకంటె ముఖ్యమైనది ఇంటికప్పుపై వెదురుగడకు కట్టిన యాంటెన్నా. అల్యూమినియపు కడ్డీలతో చేసిన ఆ పరికరము ప్రసారిణి దిక్కునకు సూటిగా మొగము పెట్టి నిలిచిననే తరంగములను గ్రహించును. ఉప్పుగాలి దాని కీళ్ళను తినివైచును. తూర్పుగాలి దాని మొగమును త్రిప్పివైచును. కనుక ప్రతి సాయంకాలమును ఒక కుఱ్ఱవాడు కప్పు నెక్కి గడను పట్టుకొని నిలుచుట, క్రిందనుండి ఒకరు "ఒరే అబ్బాయ్, కొంచెం ఎడం పక్కకి తిప్పరా! ఆఁ... ఆగు, ఆగు, అక్కడే ఉంచు!" అని కేకవేయుట, లోపలినుండి వేఱొకరు "పోయిందిరా, మళ్ళీ తిప్పు!" అనుట – ఇది బొమ్మకు పూర్వరంగము. సముద్రతీరమునకు మాత్రమే దక్కిన వింత యొకటి కలదు. వేసవిలో నీటిపై చల్లని గాలిపొర, దానిపై వెచ్చని గాలిపొర ఏర్పడినపుడు తరంగములు పైకి చెదరిపోక ఆ వెచ్చని పొర క్రిందనే చిక్కుకొని వందలాది కిలోమీటర్లు ప్రయాణము చేయును. అట్టి రాత్రులయందు తీరగ్రామములలో ఎన్నడును ఎఱుగని దూరదేశపు కేంద్రముల బొమ్మలు క్షణకాలము తెరపై నిలిచి మాయమగుచుండును. భౌతికశాస్త్రము తెలియని ఆ వయస్సున అది మాకు సముద్రపు మాయగనే తోచెడిది.

పెట్టె యున్న ఇండ్లు వీథికొకటి యున్న నదియే గొప్ప. మా వీథిలో నేతపని చేయించు షావుకారుగారి ఇంట హైదరాబాదు ఈసీఐఎల్ సంస్థవారు చేసిన ఈసీ టీవీ ఒకటి యుండెను. నలుపు తెలుపుల బొమ్మ, కొయ్యపెట్టె, దానికి రెండువైపుల జరుపు తలుపులు, తలుపులకు తాళము. షావుకారుగారు దానిని వీథివైపు కిటికీలో పెట్టించి, అరుగును ఊరివారికి విడిచినారు. ముందు పిల్లలు, వారి వెనుక చాపలపై ఆడువారు, వీథిలో నిలుచుండి మగవారు చూచెడివారు. వేఱొక వీథిలో నావ యజమాని ఇంట మఱియొక పెట్టె యుండెను. కరెంటు పోయినచో ట్రాక్టరు బ్యాటరీని తెచ్చి తగిలించుట వలన చిన్నపెట్టెలు నడుచునని కనుగొన్నవాడు ఆ దినములలో ఊరికి ఉపకారిగా ఎంచబడెను. ఆ అరుగు నేడు లేదు. ఆ వీథియును లేదు. సముద్రము దానిని ఎన్నడో తీసికొనిపోయినది.

ఆనాడు చూచుటకు ఉన్నది మిక్కిలి తక్కువ. సాయంకాలము కొన్ని గంటలు హైదరాబాదు నుండి తెలుగు, ఆ పిదప ఢిల్లీ నుండి హిందీ, ఆంగ్లము. శుక్రవారమున చిత్రలహరి అను పేర నాలుగైదు సినిమా పాటలు, వారాంతమున ఒక చలనచిత్రము, వ్యవసాయదారుల కొఱకు కొంతసేపు, తెలుగులో వార్తలు. 1983 నవంబరు 14న దూరదర్శనములో తొలిసారిగా తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు, ఎదుట వాక్యములను చూపు యంత్రము లేని ఆ కాలమున, కాగితము చేతబట్టి, తొందరపాటు లేని ఉచ్చారణతో చదువుచుండగా వినుటకే కొందఱు పెద్దలు అరుగునకు వచ్చెడివారు. 2024 ఏప్రిల్ మాసమున ఆయన పరమపదించినపుడు, తమ ఇంట ఎన్నడును టెలివిజను లేనివారు సైతము బంధువును కోల్పోయినట్లు విచారించుట నేను చూచితిని. ప్రసారము మధ్యలో తెగిపోయి 'అంతరాయానికి చింతిస్తున్నాము' అను అక్షరములు కనబడినను ఒక్కరును లేచిపోయెడివారు కారు. ఆ అక్షరములనే చూచుచు కూర్చుండెడివారు. ఆ సమయములోనే ఊరి సంగతులు మాటలాడుకొనెడివారు. ఎవరి నావకు ఎంత చేప పడినది, ఎవరి మగ్గముపై ఏ చీర యున్నది, ఎవరి పిల్లకు సంబంధము కుదిరినది అన్నియు ఆ అంతరాయములలోనే తేలెడివి.

రామానంద్ సాగర్ రామాయణము 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 వఱకును, బి.ఆర్. చోప్రా మహాభారతము 1988 అక్టోబరు 2 నుండి 1990 జూన్ 24 వఱకును ఆదివారపు ఉదయములను ఆక్రమించినవి. ఆ ఘడియ మా యూరికి గుడిగంట వంటిదయ్యెను. తెల్లవాఱుజామున పోయిన నావలు ఒడ్డు చేరిన వెంటనే చేపల వేలము త్వరత్వరగా ముగించి, ఒడలి ఉప్పును కడుగుకొని మత్స్యకారులు అరుగులకు చేరెడివారు. మగ్గములు ఆగిపోయెడివి, మగ్గము ఆగినదన్న వీథి యంతయు మౌనము వహించినదని అర్థము, ఏలనన నేతవీథిలో ఆ చప్పుడే కాలమానము. భాష హిందీ, చూచువారిలో హిందీ తెలిసినవారు అరుదు. అయినను కథ తెలియనివారు లేరు. దక్షిణభారత హిందీ ప్రచార సభ పరీక్షలు వ్రాయుచుండిన ఒక పంతులమ్మగారు ముందువరుసలో కూర్చుండి, ఒక్కొక్క సంభాషణమునకు తెలుగు చెప్పెడివారు. ఆమె చెప్పినదానికి పెద్దముసలమ్మలు తమకు తెలిసిన కథను జోడించెడివారు. అది మన కథలో లేదని ఒకరనగా, ఉన్నదని ఇంకొకరు వాదించెడివారు. తెరపై గడచిన ముప్పావుగంట అరుగుపై మధ్యాహ్నము వఱకు సాగెడిది. నాకు రామాయణభారతములు తెలిసినది చాలవఱకు ఆ వాదములనుండియే. తెర మాకు బొమ్మను మాత్రమే ఇచ్చినది. కథను మాకు చెప్పినవారు ప్రక్కన కూర్చున్నవారే.

ఈ సంగతిని చెప్పుచు ఆ కాలమునందలి లోపములను మఱచుట తగదు. అరుగు అందఱిదైనను ఇల్లు షావుకారుగారిది. ఆయన ఇంట శుభకార్యమైనచో ఊరికి బొమ్మ లేదు. ఆయనకు కోపము వచ్చినచో తలుపులకు తాళము పడెడిది. ఏ అరుగుపై ఎవరు కూర్చుండవచ్చును, ఎవరు వీథిలో నిలుచుండవలెను అన్నదానిని ఊరి కులమర్యాదలే నిర్ణయించెడివి. నిలుచుండి చూచినవారికి ఆ సాయంకాలముల జ్ఞాపకము నాకున్నంత మధురముగా ఉండుటకు కారణము లేదు. తమ ఇంట తమకొక పెట్టె కావలెనని వారు కోరుటలో న్యాయమున్నది.

ఆ కోరిక తీఱిన విధమును సంగ్రహముగా చెప్పెదను. 1991లో గల్ఫు యుద్ధమును అమెరికా వార్తాసంస్థ ప్రత్యక్షముగా చూపిన పిమ్మట మన నగరములలో గొడుగు యాంటెన్నాలు మొలచినవి. కొద్ది యేండ్లలోనే కేబుల్ తీగ పల్లెలకు ప్రాకినది. 1995 ఫిబ్రవరిలో జెమిని, అదే సంవత్సరము ఆగస్టు 27న ఈటీవీ వెలసి, తెలుగువారికి తెలుగులోనే దినమంతయు బొమ్మను చూపసాగినవి. ఉప్పాడలో ఆ తీగ కరెంటు స్తంభముల నుండి కొబ్బరిచెట్లకును, కొబ్బరిచెట్ల నుండి పెంకుటిండ్ల దూలములకును వ్రేలాడుచు ఇంటింటికి చేరినది. యాంటెన్నా త్రిప్పు పని తీఱిపోయినది. అరుగులు ఖాళీ అయినవి.

ఈ దశలో ప్రధానముగా లాభము పొందినది స్త్రీలని నా విశ్వాసము. నేతయింట మగ్గముపై ఇద్దఱు కూర్చుండి జాందానీ నేయుదురు. వారికి తెర వైపు చూచు అవకాశము లేదు. రాట్నముపై కండెలు చుట్టు ఆడుదానికి మాత్రము చేయి తన పనిని తాను చేసికొనిపోవుటచే కన్నునకు కొంత వెసులుబాటు ఉన్నది. కావున ఒకే గదిలో ఆమె చూచుచు, మగ్గముపై నున్నవారు వినుచు నుండెడివారు; తెరపై ఏమి జరిగినదో ఆమె చెప్పెడిది. టెలివిజనును రేడియోవలె విను అలవాటు నేతవీథులలో అట్లు ఏర్పడినది. మత్స్యకారపేటలలో గంపల నెత్తుకొని ఊరూర చేపలమ్మి మధ్యాహ్నమునకు ఇల్లు చేరు స్త్రీలకు, రాత్రి ప్రసారమైన ధారావాహికను మఱునాడు మధ్యాహ్నము తిరిగి చూపుట గొప్ప వరమయ్యెను. తొంభైల ద్వితీయార్ధమున దూరదర్శనములో 'ఋతురాగాలు', 2003 నుండి జెమినిలో 'చక్రవాకం', 2008 నుండి 'మొగలిరేకులు' – ఈ మూడింటికి దర్శకత్వము వహించిన మంజులానాయుడు గారి పేరు ఆ స్త్రీలు ఎఱుగకపోవచ్చును గాని, ఆ కథలలోని పాత్రలను గూర్చి వాకిళ్ళలో వారు జరిపిన చర్చలు ఏ న్యాయసభకును తీసిపోవు. తమ జీవితములలో నోరు విప్పి చెప్పుకొనరాని సంగతులను ఆ పాత్రల నెపమున వారు చెప్పుకొనిరి. ధారావాహికలను తేలికగా నిందించు విద్యావంతులు ఈ ప్రయోజనమును గుర్తింపవలయునని కోరుచున్నాను.

అయితే పెట్టె ఇంటిలోనికి వచ్చుటతో తగవులును ఇంటిలోనికి వచ్చినవి. అరుగుపై ఏది చూడవలయునన్న ప్రశ్న లేదు, ఉన్నది ఒక్కటే. కేబుల్ ఇంట తండ్రికి వార్తలు, తల్లికి ధారావాహిక, కొడుకునకు క్రికెట్టు. రిమోటు ఎవరి చేత నున్నదో వారిదే రాజ్యము. తెల్లవాఱుజామున వేటకు పోవలసిన తండ్రి ఎనిమిది గంటలకే పండుకొనును, రసవత్తరమైనదంతయు ఆ తరువాతనే వచ్చును. ఆ చిన్నయిండ్లలో తెర వెలుగు కన్నులపై పడుచుండగా చేయి అడ్డుపెట్టుకొని నిద్రించిన మత్స్యకారులు ఎందఱో కలరు. ప్రసారసమయములను నిర్ణయించినవారు నగరములలో కచేరీ పని ముగించి ఇల్లు చేరువారిని తలచి నిర్ణయించిరి. రాత్రి రెండుగంటలకు నావ నెక్కువాని నిద్ర వారికి తెలియదు.

ఇచ్చట 1996 నవంబరు 6వ తేదీని స్మరింపక ముందుకు పోజాలను. ఆ రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను గోదావరి ప్రాంతమును తుడిచిపెట్టినది. వేయిమందికి పైగా మరణించిరి, వారిలో సముద్రముపై నున్న మత్స్యకారులెందఱో కలరు. అప్పటికి తీరమున టెలివిజను పెట్టెలకు కొదువ లేదు. కాని గాలి పెరుగగనే తొలుత పోవునది కరెంటు. కరెంటుతో పెట్టెయు, తీగయు మూగవోవును. నడిసముద్రముపై నున్న నావకు టెలివిజను వార్త ఎట్లును చేరదు. అట్టి రాత్రులయందు పనిచేయునది బ్యాటరీపై నడుచు రేడియో, విశాఖపట్టణ ఆకాశవాణి ప్రకటన. ఎన్ని బొమ్మలు వచ్చినను తీరవాసికి మొదటి అవసరము వాతావరణవార్త; ఆ వార్తకు బొమ్మతో పనిలేదు.

మూడవ మార్పు ఇంటిని సైతము విడిచి చేతిలోనికి వచ్చినది. నడుమ కొన్ని సన్నాహములు జరిగినవి: 2004 డిసెంబరులో దూరదర్శన్ వారు నెలసరి రుసుము లేకుండ గొడుగు ద్వారా ప్రసారములను అందించుట, 2017 మార్చి నాటికి కేబులునకు సెట్‌టాప్ పెట్టె తప్పనిసరి యగుట, మన కోనసీమలోని మోరి గ్రామమునుండి ఆరంభించి ఫైబర్‌నెట్ తీగను పల్లెలకు పంపుట మున్నగునవి. కాని 2016 సెప్టెంబరు 5న జియో అను ఫోను సంస్థ తన సేవను ఆరంభించి, అంతర్జాలపు ధరను సామాన్యుని అందుబాటునకు తెచ్చిన పిమ్మట ఇవన్నియు వెనుకబడినవి. 2020 ఉగాది నాటికి, అప్పట్లో తెలుగునకే ప్రత్యేకమైన 'ఆహా' అను అంతర్జాల ప్రసార వేదిక కూడ వచ్చినది.

ఈ చేతి తెర మా యూరి శ్రమజీవికి చేసిన మేలును ముందుగా చెప్పుట న్యాయము. మత్స్యకారునకు అతని గంట అతనికి దక్కినది. రాత్రి ప్రసారమైనదానిని అతడు ఒడ్డు చేరి, వల బాగుచేసికొని, చెట్టునీడన మధ్యాహ్నము చూచును. తీరమునుండి కొంతదూరము పోవువఱకే ఫోనునకు సంకేతమందును గనుక, దూరపు వేటకు పోవు బోట్లవారు చలనచిత్రములను ముందుగనే ఫోనులో నింపుకొని పోవుదురు. నడిసముద్రమున లంగరు వేసిన రాత్రి ఇద్దఱు ముగ్గురు తలలు చేర్చి ఒక చిన్న తెరను చూచుట నేడు సామాన్యమైన విషయము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు యంత్రపు బోట్లకు వేటనిషేధము. ఆ అఱువదియొక్క దినములయందు పేటలలో తెరలు చల్లాఱుట యుండదు. ఒకప్పుడు చీట్లపేక ఆక్రమించిన ఆ తీరికను నేడు ఫోను ఆక్రమించినది. నేతగాడు మగ్గము ప్రక్కన ఫోనును నిలిపి పాటలో, ప్రవచనములో, వార్తలో వినుచు నేయుచున్నాడు. మఱియొక విశేషము: హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రము ఉపగ్రహముల సాయమున చేపలు దొరకు తావులను, అలల తీవ్రతను గుర్తించి ప్రకటించు సూచనలు నేడు ఆ ఫోనులోనికే వచ్చుచున్నవి.

అన్నిటికంటె నన్ను సంతోషపెట్టిన సంగతి ఇది. చూచుటకు మాత్రమే పరిమితమైయుండిన మా యూరు నేడు చూపుటకును నేర్చినది. నేతయిండ్లలోని యువతులు చీరను మడత విప్పి, లోపలి వైపును త్రిప్పి, ఉభయపార్శ్వముల అందమును ఫోను ఎదుట చూపుచు యూట్యూబులోను, వాట్సాపులోను దేశదేశములందలి తెలుగు ఆడపడుచులకు అమ్ముచున్నారు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీరను గూర్చి పెద్ద చానెళ్ళు చెప్పుట అరుదు, నేసినవారే చెప్పుకొనుచున్నారు. పెద్ద చానెళ్ళకు ఉప్పాడ జ్ఞప్తికి వచ్చునది సముద్రము మీదపడిన దినముననే. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను తూర్పుగోదావరి తీరమును తాకినపుడును, ఆ తరువాతి తుపానులయందును, విలేకరులు మా బీచిరోడ్డుపై అలల నడుమ నిలుచుండి చెప్పిన వార్తలను రాష్ట్రమంతయు చూచినది. అల తగ్గగనే తెరయు తొలగిపోవును. ఇల్లు పోయినవారు ఎచ్చటికి పోయిరో, రాళ్ళగట్టు ఎన్నాళ్ళు నిలిచినదో చూపువారుండరు. ఊరు చిన్నదైనను ఊరి కష్టము ఒక్క పూటది గాదని చానెళ్ళవారు గ్రహింపవలసియున్నది.

ఇక నష్టమును గూర్చి. 2020 మార్చి 28 నుండి, కరోనా గృహనిర్బంధ కాలమున, దూరదర్శన్ వారు అదే రామాయణమును మరల ప్రసారము చేసిరి. దేశమున కోట్లమంది చూచిరని లెక్కలు చెప్పినవి. మా యింటను పెట్టినాము. నా బాల్యమున ఏ బొమ్మకై వీథులు నిర్మానుష్యమైనవో, అదే బొమ్మ నా ఎదుట నడచుచుండెను. వెనుక గదిలో పిల్లలు చెవులలో తీగలు పెట్టుకొని ఒకడు ఆటను, ఒకతె పరభాషా కథను చూచుచుండిరి. వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పలేదు. వారు చూచినది మంచిదే కావచ్చును. కాని వారు చూచినది నాకు తెలియదు, నేను చూచినది వారికి తెలియదు. భోజనమునకు కూర్చున్నపుడు దేనిని గూర్చి మాటలాడుటకును మా నడుమ ఉమ్మడి కథ లేకపోయినది. క్షణమునకొకటి చొప్పున మాఱు నిమిషపు చిత్రములకు అలవడిన పిల్లవానికి ఒక కథ మెల్లగా నడచుటయే అసహనము కలిగించుచున్నది. దానికంటె పెద్ద నష్టము, వాని ప్రక్కన కూర్చుండి "అది అలా కాదురా మనవడా" అని చెప్పు అమ్మమ్మ లేకపోవుట. ఆమెయు ప్రక్కగదిలోనే యున్నది. ఆమె చేతిలోను ఒక తెర యున్నది.

యంత్రములను వెనుకకు త్రిప్పలేము. త్రిప్పవలసిన అవసరమును లేదు. తాళపు తలుపుల పెట్టెకంటె, కులము చూచి చోటిచ్చిన అరుగుకంటె, ఎవరి తెర వారికి ఉండుట మేలని నేను నిస్సంకోచముగా చెప్పుదును. ఆ అరుగులో నిలుపుకొనదగినది ఒక్కటే యుండెను, అది చూచినదానిని గూర్చి పదిమంది మాటలాడుకొనుట. అది యంత్రము ఇచ్చినది కాదు గనుక యంత్రము మాఱినంతమాత్రమున పోవలసిన పనియు లేదు. వారమునకొకసారి ఇంటిలోని వారందఱును ఏదో ఒక్కదానిని, ధారావాహికయైనను, పాత చలనచిత్రమైనను, కలిసి చూచి, ఆ పిదప కొంతసేపు వాదించుకొనుడని పాఠకులను వేడుకొనుచున్నాను.

మా తీరవాసులకు ప్రత్యేకముగా ఒక విన్నపము. ఇంట ఎన్ని తెరలున్నను బ్యాటరీపై నడుచు రేడియో యొకటి ఉంచుకొనుడు. గాలివాన వచ్చినపుడు సెల్ టవరులును ఆగునని మీరెఱుగనిది కాదు. బంగాళాఖాతమున అల్పపీడనము ఏర్పడినదన్న వార్త వచ్చిన సాయంకాలము, చదువుకొన్న పిల్లలు తమ ఫోనులతో పేటలోని రామకోవెలకు వచ్చి, వాతావరణశాఖ ప్రకటనను అందఱకును బిగ్గరగా చదివి వినిపింపుడు. ఏ నావ ఒడ్డున నున్నది, ఏది ఇంకను తిరిగి రాలేదు అన్న లెక్కను అచ్చటనే చూచుకొనుడు.